గూటిలోని కుందేలుపిల్లలు

మధ్యాహ్నము మండుటెండ, సాయంకాలము గాలివాన, తెల్లవారుజామున చలిగాలి. ఋతువులు మారు రోజులలో ఈ మూడును ఒక్క దినముననే వచ్చిపోవుచుండును. అట్టి వేళ మనము దుప్పటి తీసివేసి మరల కప్పుకొనగలము. అప్పుడే పుట్టిన కుందేలుపిల్లకు ఆ శక్తి లేదు.

చూలు కట్టిన సుమారు 31 దినములకు కుందేలు ఈనును. పిల్ల తూకము 50 గ్రాములకు అటునిటుగా నుండును. ఒంటిపై బొచ్చు ఉండదు; కన్నులు తెరువవు. దానికి గూటిలో 30 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వెచ్చదనము కావలెను. తల్లికి మాత్రము 15 మొదలు 20 డిగ్రీల వరకు హాయి. 30 దాటినచో ఆయాసపడును. అనగా ఒకే పంజరములో రెండు వాతావరణములు ఉండవలెను. కనుక పాకనంతటిని వేడి చేయుట పొరపాటు. గూటిని మాత్రమే వెచ్చగా నుంచవలెను.

ఈ విద్య తల్లికి తెలియును. ఈనుటకు ముందు తన పొట్టమీది బొచ్చును పెరికి గూటిలో పరచును. 28వ దినమున అరమీటరు పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్కపెట్టెలో ఎండుగడ్డి పరచి పంజరములో నుంచుట మన పని. తల్లి సాధారణముగా దినమునకు ఒక్కమారు, కొలది నిమిషములు మాత్రమే పాలిచ్చి వెడలిపోవును. అది చూచి, పిల్లలను విడిచినదని భయపడ నక్కరలేదు.

గూటిలో ఉక్కగా నున్నదో, చలిగా నున్నదో ఎట్లు తెలిసికొనుట? పిల్లలే చెప్పును. పొట్టలు నిండి, ఒకచోట చేరి నెమ్మదిగా నిద్రించుచున్నచో అంతయు సవ్యమే. ఎడమెడముగా చెదరి, బొచ్చును వీడి పైకి వచ్చినచో ఉక్క ఎక్కువైనదన్నమాట. అప్పుడు కొంత బొచ్చు తీసి, శుభ్రమైన సంచిలో దాచి, రాత్రి మరల కప్పవలెను. ఒళ్లు తాకి చూచినప్పుడు చల్లగా నుండినచో బొచ్చు చాలలేదని గ్రహింపవలెను. వానదినములలో తడిసిన గడ్డిని వెంటనే మార్చి, జల్లు కొట్టు వైపున గోనెపట్టా కట్టవలెను. కాని గాలి రాకుండ పూర్తిగా మూయరాదు. మూత్రపు ఘాటు ఊపిరితిత్తులకు చెరుపు.

ఒక్కొక్కప్పుడు చన్ను విడువని పిల్ల తల్లితోపాటు వచ్చి గూటి వెలుపల పడును. పిల్లివలె కుందేలు తన కూనను నోట కరచి లోపలికి తీసికొనిపోదు. చల్లబడి కదలక యున్నంతమాత్రమున దానిని చచ్చినదని పారవేయకుడు. పొడిగుడ్డలో చుట్టి, అరచేతుల నడుమ మెల్లగా వెచ్చజేయుడు. వెచ్చబడక ముందు పాలు పోయరాదు. చలనము వచ్చిన పిమ్మట తోబుట్టువుల నడుమ పరుండబెట్టుడు.

10, 12 దినములకు కన్నులు తెరచును. అప్పటికి ఒంటికి బొచ్చును వచ్చును. అంతవరకు ఉదయమొకమారు, రాత్రి మీరు పడుకొనబోవు ముందు ఒకమారు, కడిగి తుడుచుకొన్న చేతిని గూటిలో పెట్టి చూడుడు. వాన వెలిసి చలిగాలి తిరిగిన రాత్రి మరియొకమారు లేచి చూచుట మేలు.