కంపెనీ మునిగినా ప్లాన్ నిలిచిన ఊరు

చికాగో యూనియన్ స్టేషన్ నుంచి అరోరా వెళ్లే రైలు మార్గం అక్కడి తెలుగువాళ్లకు బాగా అలవాటు. నేపర్‌విల్‌లో కాపురం పెట్టి నగరంలో ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కేది ఆ రైలే. లైను చివర ఉన్న అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. నగరం దాటిన కాసేపటికి డెస్ ప్లేన్స్ నది ఒడ్డున రివర్‌సైడ్ వస్తుంది. జనాభా తొమ్మిది వేల పైచిలుకు. ఒక్కసారైనా దిగి చూడాల్సిన ఊరు.

చికాగో వీధులు గళ్ల నోటుపుస్తకంలా అడ్డంగా, నిలువుగా సాగుతాయి. రివర్‌సైడ్‌లో తిన్నగా పోయే వీధి కోసం వెతుక్కోవాలి. నది ఎలా మెలిక తిరిగితే రోడ్లూ అలాగే తిరుగుతాయి. ఈ ఊరికి రూపమిచ్చింది న్యూయార్క్ సెంట్రల్ పార్క్ సృష్టికర్తలు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్. 1868లో ఎమరీ చైల్డ్స్ అనే వ్యాపారి కొందరు పెట్టుబడిదారులను కూడగట్టి, ఇక్కడ 1,600 ఎకరాలు సంపాదించి, వీళ్లను పిలిపించాడు. ఆ పక్కనుంచి రైలు మార్గం పడి అప్పటికి నాలుగేళ్లే.

తిన్నని రోడ్డు మనిషిని తరుముతుందని, వంపు తిరిగిన రోడ్డు నెమ్మదిగా నడిపిస్తుందని ఓమ్‌స్టెడ్ నమ్మకం. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్లకు బళ్ల రాకపోకలు కాక పచ్చికే కనపడాలని రోడ్లను చుట్టూ ఉన్న నేల కంటే కాస్త పల్లంగా వేయించాడు. ప్రతి ఇల్లూ రోడ్డుకు 30 అడుగుల వెనక ఉండాలన్నాడు. ఆ మధ్యలో చెట్లు నాటాలన్నాడు. ఎత్తు గోడలంటే ఆయనకు గిట్టదు. కూడళ్లలో పచ్చిక తునకలు, ఊరి నడుమ లాంగ్ కామన్ అనే పొడవాటి మైదానం, నది గట్టు ఏ ఒక్కరి ఆస్తీ కాకూడదని పట్టుబట్టాడు. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఆ పట్టుదలే. ఇది మొదటినుంచీ డబ్బున్నవాళ్ల కోసం తలపెట్టిన ఊరు. అలాంటిచోట కూడా అందమైన నేలనంతా ఉమ్మడిగా ఉంచాలనడానికి గుండె కావాలి.

ఆ పట్టుదలే తగవు తెచ్చింది. చైల్డ్స్ తన ఇంటిని సాక్షాత్తూ ఆ మైదానంలోనే కట్టుకోబోయాడు. పైగా రూపకర్తలిద్దరికీ రుసుము కింద నగదుకు బదులు స్థలాలు అంటగట్టాడు. 1870లో ఓమ్‌స్టెడ్, వాక్స్ తప్పుకున్నారు. మరుసటి ఏడు చికాగో మహా అగ్నిప్రమాదం పెట్టుబడులన్నిటినీ నగర పునర్నిర్మాణం వైపు లాక్కుపోయింది. 1873 ఆర్థిక సంక్షోభంతో చైల్డ్స్ బృందం కంపెనీ దివాలా తీసింది. ఆ కంపెనీకి ఈ స్థలం అమ్మిన డేవిడ్ గేజ్ అప్పట్లో చికాగో నగర కోశాధికారి. నగర సొమ్ము లెక్క తేలక ఆయన పరువూ పోయింది. ఊరు మాత్రం మిగిలింది. 1875లో ఇల్లినాయ్ చట్టం ప్రకారం విలేజ్‌గా నమోదైంది. హడావిడిగా అమ్ముకునేవాళ్లు లేకపోవడమే ప్లాన్‌ను కాపాడిందని నా అభిప్రాయం. చాలా స్థలాలు 1920ల దాకా ఖాళీగానే ఉండి, ఆ తర్వాత ఇళ్లతో నిండాయి. రోడ్ల వంపులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇళ్ల సంగతి చెప్పాలంటే మరో కథనం పడుతుంది. తొలి ఆకాశహర్మ్యంగా పేరుపడ్డ హోమ్ ఇన్సూరెన్స్ భవన రూపకర్త విలియం లె బారన్ జెన్నీ ఇక్కడే నివసించాడు. 1871 నాటి నీళ్ల ట్యాంకు గోపురం ఆయన గీసిందే. ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇక్కడ కూన్లీ దంపతులకు గొప్ప ఇల్లు కట్టాడు. 1912లో వాళ్ల చిన్నపిల్లల బడికి బెలూన్లు, జెండాలను తలపించే రంగుటద్దాల కిటికీలు అమర్చాడు. రైట్ గురువు లూయీ సలివన్ కట్టిన బాబ్సన్ ఇంటిని మాత్రం 1960లో కూల్చేశారు. పూడ్చుకోలేని నష్టమది. పదేళ్ల తర్వాత ఊరికి జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది.

వీధుల్లో ఇప్పటికీ గ్యాస్ దీపాలే వెలుగుతాయి. నదికి అడ్డుగా ఉన్న హాఫ్‌మన్ ఆనకట్టను 2012లో తీసేశారు. నది పొంగినప్పుడు పల్లపు ఇళ్లకు ఇప్పటికీ బెడద తప్పదు. వెళ్లాలనుకునేవారు స్టేషన్‌లో దిగితే చాలు, గోపురం పక్కనే కనిపిస్తుంది. దాన్ని ఆనుకున్న పాత బావి గదిలో ఊరి మ్యూజియం ఉంది. అక్కడినుంచి లాంగ్ కామన్ మీదుగా కూన్లీ ఇంటివైపు నడక మొదలుపెట్టవచ్చు.