గోదాములోనే ముదిమి: సోయా విత్తనానికి వేసవి గండం

2020 జూన్‌లో మహారాష్ట్ర రైతులు తొలకరి పదును చూసుకుని సోయా విత్తారు. వారం పది రోజులు గడిచినా అనేక చేలలో మొలక కానరాలేదు. విత్తనం మొలవలేదంటూ వ్యవసాయ శాఖకు వేల సంఖ్యలో ఫిర్యాదులు అందాయి. వ్యవహారం బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఎదుటకు వెళ్లింది. విత్తనాలు నాసిరకానివన్న ఆరోపణ సహజంగానే వినిపించింది. అయితే ఈ వైఫల్యానికి ఒక ప్రధాన కారణం అంతకు ముందు సంవత్సరపు కోతల్లోనే ఉంది. 2019 అక్టోబరు, నవంబరు మాసాల్లో కురిసిన అకాల వర్షాలకు చేతికందిన సోయా పంట తడిసిపోయింది. తడిసి ఆరిన గింజ చూపునకు బాగానే ఉన్నా, దాని సత్తువ అప్పటికే సన్నగిల్లింది. ఆ తరువాత వచ్చిన వేసవి మిగిలిన శక్తిని కూడా హరించింది.

సోయా దేశంలోని ప్రధాన నూనెగింజల పంటల్లో ఒకటి. వంటనూనెల అవసరాల్లో సగానికి పైగా దిగుమతులతోనే తీరుతున్న దేశంలో ఈ పంట మొలక దశలోనే దెబ్బతింటే ఆ భారం రైతుతో ఆగదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలు ఈ పంటకు ప్రధాన కేంద్రాలు. తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల రైతులూ దీనిని సాగు చేస్తున్నారు.

గింజలో జరిగేదేమిటి?

విత్తనం నిద్రావస్థలో ఉన్న ప్రాణి వంటిది. ఎండిన గింజలో జీవక్రియలు దాదాపు స్తంభించినా, గాలిలోని ఆక్సిజన్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. కణాల్లో తీవ్ర చర్యాశీలత గల ఆక్సిజన్ రూపాలు పుట్టి, కణపొరల్లోని కొవ్వు ఆమ్లాలపై దాడి చేస్తాయి. ఒక అణువు దెబ్బతింటే అది పక్క అణువును దెబ్బతీస్తుంది. ఈ గొలుసు చర్యలో మాంసకృత్తులు, ఎంజైములు, చివరకు వంశపారంపర్య పదార్థమైన డీఎన్‌ఏ సైతం దెబ్బతింటాయి. నిల్వ ఉన్న నూనె ముక్కవాసన పట్టడానికి కారణమైన ఆక్సీకరణమే ఇక్కడా జరుగుతుంది.

గింజకు స్వీయ రక్షణ లేకపోలేదు. విటమిన్-ఇ, గ్లూటాథయోన్ వంటి పదార్థాలు ఈ దాడిని కొంత మేర అడ్డుకుంటాయి. కానీ నిల్వ కాలం గడిచే కొద్దీ అవి ఖర్చైపోతాయి. దెబ్బతిన్న భాగాలను బాగు చేసే ఎంజైములకు నీరు కావాలి. ఎండిన గింజలో అవి పని చేయలేవు. అందువల్ల నష్టం నెలల తరబడి పేరుకుంటూనే ఉంటుంది. మరమ్మతు మాత్రం భూమిలో పడి నీరు పీల్చుకున్న తరువాతే మొదలవుతుంది. నష్టం హద్దు మీరితే ఆ మరమ్మతు పూర్తి కాదు. చివికిన పొరల గుండా చక్కెరలు, లవణాలు బయటకు కారిపోతాయి. ఆ చక్కెరల కోసం నేలలోని శిలీంధ్రాలు చేరి, గింజ కుళ్లిపోతుంది.

సోయాలో ఈ ముప్పు మరీ ఎక్కువ. గింజలో సుమారు 20 శాతం నూనె ఉంటుంది. అందులో సులువుగా ఆక్సీకరణం చెందే కొవ్వు ఆమ్లాలే అధికం. పైపొర పలుచన, మొలక భాగం ఆ పొర కిందనే ఉంటుంది. నూర్పిడి యంత్రం వేగం పెరిగినా, బస్తాను ఎత్తి విసిరినా లోపల కంటికి కనబడని పగుళ్లు ఏర్పడతాయి.

ధ్రువపత్రం చెప్పనిది

ధ్రువీకృత సోయా విత్తనానికి కనీస మొలకశాతం 70గా నిర్ణయించారు. ధ్రువపత్రం చెల్లుబాటు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. అక్టోబరులో కోసిన పంట విత్తనాన్ని జనవరిలో పరీక్షిస్తే సెప్టెంబరు వరకు పత్రం చెల్లుతుంది. విత్తనాన్ని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసే ఏప్రిల్, మే నెలలు ఆ గడువు మధ్యలోనే వస్తాయి. జనవరిలో 75 శాతం మొలిచిన విత్తనం జూన్‌లో ఎంత మొలుస్తుందో ఆ పత్రం చెప్పజాలదు.

మరో చిక్కు కూడా ఉంది. మొలకశాతం తగ్గడానికి ముందే సత్తువ తగ్గుతుంది. ప్రయోగశాలలో అనువైన తేమ, ఉష్ణోగ్రతల మధ్య ముదిమి పైబడిన గింజ సైతం మొలకెత్తుతుంది. పొలంలో మట్టి గట్టిపడినా, వాన నాలుగు రోజులు ఆగినా అదే గింజ పైకి రాలేదు. ఈ తేడాను పసిగట్టే పరీక్షలు లేకపోలేదు. గింజలను 24 గంటలు నీటిలో నానబెట్టి, ఆ నీటి విద్యుద్వాహకతను కొలవడం ఒకటి. కారిపోయిన లవణాలు ఎక్కువైతే వాహకత పెరుగుతుంది. సుమారు 41 డిగ్రీల వేడి, గరిష్ఠ తేమ మధ్య 72 గంటలు ఉంచి, ఆపై మొలకెత్తించి చూడటం మరొకటి.

సత్తువ లోపిస్తే రైతుకు కలిగే నష్టం లెక్కకు అందేదే. హెక్టారుకు 70 కిలోల విత్తనం 70 శాతం మొలుస్తుందనుకుని వేసిన రైతుకు 50 శాతమే మొలిస్తే, అవే మొక్కల కోసం 98 కిలోలు వేయవలసి ఉంటుంది. ఆ సంగతి తెలిసేది విత్తిన తరువాతే. అప్పటికి పదును పోతుంది, చేతిలోని పైకమూ పోతుంది.

తేమ తగ్గితే ఆయువు

విత్తన శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ పేరిట ఒక సూత్రం ప్రసిద్ధి పొందింది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా ఆయువు రెట్టింపవుతుంది. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడే వర్తించే స్థూలమైన అంచనా ఇది. ఆ మేరకు చూసినా తేమను 12 నుంచి 9 శాతానికి దించితే ఆయువు ఎనిమిది రెట్లవుతుంది. ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో మైనస్ 18 డిగ్రీల వద్ద, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో మైనస్ 20 డిగ్రీల వద్ద వంగడాలను దశాబ్దాల పాటు భద్రపరచగలగడానికి ఆధారం ఈ సూత్రమే.

అయితే కోటి హెక్టార్లకు పైగా సాగయ్యే సోయాకు హెక్టారుకు 70 కిలోల చొప్పున చూసినా 70 లక్షల క్వింటాళ్ల విత్తనం కావాలి. అంతటినీ శీతల గిడ్డంగుల్లో ఉంచడం అలవి కాని ఖర్చు. గింజను బాగా ఆరబెట్టడం, గాలి చొరని సంచుల్లో నింపడం అంత ఖర్చుతో కూడినవి కావు. అటువంటి సంచుల్లో నింపే సోయాలో తేమ 7 శాతం మించరాదని ప్రమాణాలే చెబుతున్నాయి. సాధారణ సంచులకు ఆ పరిమితి 12 శాతం.

నూనె అధికంగా గల వేరుశనగతో రాయలసీమ రైతులకు ఇటువంటి అనుభవమే ఉంది. ఖరీఫ్ కాయను జూన్ దాకా దాచడం కంటే, మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే రబీ కాయనే విత్తనానికి వాడటం మేలన్నది అందులో తేలిన విషయం. కాయగానే దాచి, విత్తే ముందు మాత్రమే వలవడం గింజకు రక్ష.

సోయా రైతుకు సైతం చేతిలో ఉన్న సాధనం ఒకటుంది. వంద గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, ఎనిమిది రోజుల తరువాత మొలకలు లెక్కపెడితే ఆనాటి మొలకశాతం తెలుస్తుంది. మే నెలాఖరున ఈ పరీక్ష జరిపితే, విత్తన మోతాదు పెంచాలో, విత్తనమే మార్చాలో నిర్ణయించుకునే వ్యవధి ఉంటుంది. విత్తన సంస్థలు సైతం అదే సమయంలో ప్రతి విడతనూ తిరిగి పరీక్షించి, ఆ తేదీని, ఫలితాన్ని సంచిపై ముద్రించడం అవసరం. జనవరి నాటి అంకెను నమ్మి జూన్‌లో విత్తవలసిన స్థితి అప్పుడే తొలగుతుంది.