డాల్ఫినుల జాడ తీయుట

డాల్ఫిను నీటిలో నివసించునదియైనను చేప కాదు. అది మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చి పెంచును. గాలికొరకు మాటిమాటికి నీటిపైకి వచ్చి, మరుక్షణమే మునిగి కానరాకుండ పోవును. అది ఎచ్చట మేయునో, ఎంత దూరము పోవునో పడవపై కూర్చుండి తెలిసికొనజాలము. ఆ సంగతులు తెలియనిదే దానిని వలలనుండియు, ఓడలనుండియు కాపాడుట కష్టము.

అందుచే శాస్త్రజ్ఞులు దాని వీపు రెక్కకు ట్యాగు అను చిన్న పరికరమును తగిలింతురు. ఇందు ఒక బ్యాటరీయు, సంకేతములు పంపు యంత్రమును, సన్నని తీగయు ఉండును. రేడియో తరంగములు ఉప్పునీటిని దాటి రాజాలవు. కావున రెక్క నీటిపైకి తేలిన కొద్ది క్షణములలోనే ట్యాగు తన సంకేతమును పంపవలెను. 1978లో ఆరంభమైన ఆర్గోస్ వ్యవస్థకు చేరిన ఉపగ్రహములు దానిని అందుకొనును. రైలుబండి దగ్గరకు వచ్చునపుడు దాని కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గుస్థాయిలోను వినబడుట మీరెరుగుదురు. అట్లే ఉపగ్రహము సమీపించి దాటిపోవునపుడు సంకేతమున కలుగు భేదమును బట్టి డాల్ఫిను ఉన్నచోటు లెక్కగట్టుదురు.

చిక్కంతయు ట్యాగు తగిలించుటలో ఉన్నది. వీపు రెక్కలో ఎముక లేదు. పీచువంటి కణజాలమును, శరీరపు వేడిని నీటిలోనికి విడుచు రక్తనాళములును కలవు. తొలినాటి ట్యాగులు పెద్దవి. వానిని రెక్క ప్రక్కన పలు చీలలతో బిగించెడివారు. డాల్ఫిను ఈదునపుడు నీరు ఆ పెట్టెను వెనుకకు నెట్టగా, చీలలు కణజాలమును కోసికొనుచు జరిగెడివి. రెక్క చిరిగెడిది. బాధపడు జంతువు నడత సహజమైన నడత కాదు గదా! అట్టి ట్యాగు పంపిన వార్తకు విలువ యేమి?

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, సరసోటా అఖాతములో 1970 నుండి డాల్ఫినులను పరిశీలించుచున్నారు. అచ్చటి శాస్త్రజ్ఞులు ఇతరులతో కలిసి వేరొక ట్యాగును పరీక్షించిరి. ఇది సన్ననిది. రెక్క వెనుక అంచున, పెద్ద రక్తనాళములు లేనిచోట, ఒకే ప్లాస్టిక్ చీలతో నిలుచును. గాలిలో జెండావలె నీటివాలున వెనుకకు సాగియుండును. చీల కొనలయందలి మరలు ఉప్పునీటిలో త్రుప్పుపట్టి, కొంతకాలమునకు ట్యాగు తనంతట రాలిపోవును. త్రుప్పు మేలుచేయు తావు లోకములో అరుదు. ఇది యట్టి తావు.

డాల్ఫిను కుటుంబమునకే చేరిన ఓర్కాలు మిక్కిలి పెద్దవి. వానిని పట్టి ట్యాగు తగిలించుట మిక్కిలి కష్టము. ములుకులు గల ట్యాగును దూరమునుండి రెక్కపైకి విసరుదురు. 2016 ఫిబ్రవరిలో ఉత్తర అమెరికా పడమటి తీరమున ఒక మగ ఓర్కాకు ఇట్లు ట్యాగు వేసిరి. దాని సమూహమున అప్పటికి ఎనుబదికి మించి ఎంతో లేవు. మార్చి చివర అది కెనడా తీరమున చచ్చిపడియుండెను. ములుకుల ముక్కలు రెక్కలోనే మిగిలియుండెను. ఆ గాయముగుండా శిలీంధ్రము లోనికి ప్రవేశించియుండెను. మొదటి ప్రయత్నమున ఆ ట్యాగు సముద్రమున పడగా, మద్యసారముతో మాత్రమే శుభ్రపరచి మరల ప్రయోగించిరని విచారణలో తేలెను. ఆ సమూహమునకు ట్యాగులు వేయుట వెంటనే నిలిపిరి.

మన జాతీయ జలచరమైన గంగా డాల్ఫినునకు నిలువైన వీపు రెక్క లేదు. చిన్న మూపురము మాత్రమే కలదు. అది దాదాపు గ్రుడ్డిది. ఒకమారు పైకి వచ్చిన 5 నుండి 30 సెకండ్లలో మునిగిపోవును. 2024 డిసెంబరులో అస్సామునందు ఆరోగ్యముగానున్న ఒక మగ గంగా డాల్ఫినును పట్టి, పశువైద్యుల సమక్షమున తేలికైన ట్యాగును అమర్చి నదిలో విడిచిరి. గంగా డాల్ఫినునకు ట్యాగు అమర్చుట అదియే మొదటిసారి.