నడుమ నిలిచేదెవరు?

మెట్టసీమలో మాటకు కరవు లేదు. వాన ముఖం చాటేయవచ్చును, వేరుసెనగ ఊడలు దిగకముందే వాడిపోవచ్చును. నలుగురు చేరిన చోట వాదానికి మాత్రం ఏ యేడూ లోటు రాదు. బళ్లారి జిల్లా పొలిమేరను ఆనుకొని వున్న విడపనకల్లు వంటి ఊళ్లలో సాయంకాలం టీ కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు. సెనగ ధర, బోరులో నీళ్లు, ఎన్నికలు అన్నీ అయినాక ఆట సంగతి వస్తుంది. అందరిదీ క్రికెట్ పిచ్చే అనుకోనక్కరలేదు. ఫుట్‌బాల్ పిచ్చి పట్టినవారు ఇద్దరుంటే చాలు, మిగతా బెంచీలన్నీ వారి చుట్టూ చేరుతవి.

"ముందర ఇంకొకణ్ణి దింపింటే గెలిచేటోళ్లం మామా!" అంటాడు కుర్రవాడు.

"దింపుదువులేరా అల్లుడా, నడుమ ఎవుర్ని తీస్తావో అది చెప్పు ముందు" అంటాడు పెద్దాయన.

జగడమంతా ఈ రెండు మాటల్లోనే వున్నది. కలకత్తాలో కానీయండి, లండన్‌లో కానీయండి, తమ క్లబ్బు ఓడిన రాత్రి అభిమానులు పోట్లాడుకునేది దీనికోసమే. జట్టు అంటే పదకొండుగురే. ఒకరిని చేర్చాలంటే ఇంకొకరిని తీయక తప్పదు. గోలు కొట్టినవాణ్ణి లోకమంతా చూస్తుంది. బంతి అతని కాలి దగ్గరకు ఎలా వచ్చిందో చూచేవారు బహు తక్కువ.

ఐదుగురు నలుగురైన కథ

ఆట ఎరుగని పాఠకులు కూడ వుంటారు గనుక కొంచెం వెనక్కు వెళదాము. పూర్వం గోలీని విడిచిపెడితే వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు ఆడేవారు. చూడ్డానికి అదో దండయాత్ర! 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు బంతి అందుకునేవాడికీ గోలు గీతకూ మధ్య ఎదుటిపక్షంవారు ముగ్గురుండవలె; ఆ తరువాత ఇద్దరుంటే సరిపోయింది. దానితో గోళ్ల వాన కురిసింది. అప్పుడు ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ నడిమి వరుసలోని సెంటర్ హాఫ్‌ను వెనక్కు లాగి కాపలా పెట్టినాడు. 1953లో హంగరీవారు తమ సెంటర్ ఫార్వర్డునే కిందికి దింపి ఆడించి, వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించినారు. 1958లో బ్రెజిల్ వెనుక నలుగురిని, నడుమ ఇద్దరిని, ముందు నలుగురిని నిలిపి ప్రపంచ కప్పు గెలుచుకున్నది.

ఈ మార్పులన్నిటిలోనూ ఒకటే తగవు. ఎందరు ముందుకు పోవలె, ఎందరు వెనుక నిలవవలె, ఆ రెంటినీ కలిపి కుట్టేదెవరు? నడుమ ఇద్దరే మిగిలినప్పుడు ఆ ఇద్దరి పొందిక ప్రాణప్రదమైపోతుంది. సేద్యం ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సంతలో ఖరీదైన రెండు ఎద్దులను తెచ్చి కాడికి కట్టినంత మాత్రాన అది జోడీ కాదు. ఒకదాని నడక ఇంకొకదానికి కుదరవలె. లేకపోతే సాలు వంకర పోతుంది. హాఫ్‌ల సంగతీ అంతే. ఇద్దరూ గోలు మీదికి ఉరికితే వెనుక ఇల్లు తెరిచిపెట్టినట్టే. ఇద్దరూ ఇంటిదగ్గరే కూర్చుంటే ముందున్నవారికి బంతి అందించే నాథుడుండడు.

హైదరాబాదు పంతులుగారు

ఈ సంగతిని మన దేశంలో అందరికంటె బాగా ఎరిగినవాడు మన హైదరాబాదువాడే. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుమార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. బంతిని కాలికి అంటించుకొని ఒంటరిగా పరుగెత్తే అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ లేకుండా ఆడవలసిన పోటీలు కూడ ఆయన పెట్టించినాడు. తోడివాడిని చూడక తప్పని ఆట అది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆయన శిక్షణలోని భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవ స్థానంలో నిలిచింది. హైదరాబాదు జట్టు హాఫ్ నూర్ మహమ్మద్, బాక్ అజీజుద్దీన్, సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరామ్ అందులోనివారే.

అయితే జట్టు ఎంపిక అంటే ఏమిటో తెలిసేది 1962 జకార్తా ఏషియా క్రీడలలో. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయ్‌లాండును 4-1తో గెలిచినా, వెనుక కోటగోడ వంటి జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడినవి. అతణ్ణి కూర్చోబెట్టవలసిందేనని ఎవరికైనా తోస్తుంది. రహీం అతణ్ణి తీసుకొనిపోయి సెంటర్ ఫార్వర్డుగా నిలిపినాడు! వెనుక అతని చోటును అరుణ్ ఘోష్ కాచినాడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలుపు. అందులో జర్నైల్ గోలొకటి.

ఫైనల్‌లో మళ్లీ కొరియాయే. జ్వరం నుండి లేచిన పీటర్ తంగరాజ్‌ను గోలులో నిలిపినాడు రహీం. ఆ రోజుల్లో ఆట మధ్య మనిషిని మార్చుకునే వీలు లేదు. ప్రపంచ కప్పులో ఆ వెసులుబాటు వచ్చింది 1970లోనే. ఎంపిక తప్పితే దిద్దుకోవడమంటూ లేదన్నమాట. దాదాపు లక్షమంది గేలిచేస్తూ వుండగా పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా, భారత్ 2-1తో స్వర్ణపతకం గెలిచింది. ఈ ఇద్దరి పేర్లు అందరికీ తెలుసును. ఆ రోజు నడుమ నిలిచిన ఫ్రాంకో, ప్రశాంత సిన్హాల పేర్లు అడిగితే అభిమానులే తల గోక్కుంటారు. గోలు కొట్టనివాడి పేరు మరచిపోవడం మనకు అంత సులువు! క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీం 1963 జూన్ 11న కన్నుమూసినాడు.

ఇటీవలి సంగతి కూడ ఒకటి చెప్పవలె. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ యేడు లీగు మొత్తానికీ ఎక్కువ గోళ్లు, 18, కొట్టినవాడు వారి ఓగ్బెచేయే. కాని కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌లో ఒక గోలు వెనుకబడి వున్నప్పుడు, 88వ నిమిషంలో సరిచేసినవాడు మధ్యలో దిగిన నడిమి వరుస ఆటగాడు సాహిల్ తవోరా. తరువాత పెనాల్టీలలో గోలీ కట్టిమణి కాపాడినాడు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. మనవాళ్లకు వాదించుకునేందుకు ఆ పెద్దజట్టు కూడ లేకపోయింది.

మన మైదానంలో

పెద్దజట్టు లేకపోతే ఆట లేదా? 1969 నుండి అనంతపురం ప్రాంతంలో పనిచేసిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పిన క్రీడాగ్రామంలో పల్లెటూళ్ల మగపిల్లలే కాక ఆడపిల్లలు కూడ ఫుట్‌బాల్ నేర్చినారు. అసలు చిక్కు ఇటువంటి చోటనే వస్తుంది. పెద్ద క్లబ్బు తీసివేసిన ఆటగాడికి ఇంకొక క్లబ్బు దొరుకుతుంది. ఇంటిపని ముగించుకొని, బస్సు చార్జీ కూడబెట్టుకొని మైదానానికి వచ్చిన పిల్లకు జాబితాలో పేరు లేకపోతే మరునాడు ఆమె రాకపోవచ్చును. అట్లా మొదట పేరు పోయేది సాధారణంగా గోళ్లు కొట్టని పిల్లకే. ఆమె ఎన్నిసార్లు బంతిని అడ్డగించిందో, పక్కదాని తప్పును ఎన్నిసార్లు కప్పిపుచ్చిందో లెక్క వ్రాసేవారు లేరు గదా!

కనుక జట్టును ఎంచే పెద్దలకు ఒక మనవి. మీ పిల్లో, మేనల్లుడో ఆడుతుంటే చూడబోయే తల్లిదండ్రులకూ ఇదే మనవి. ఈసారి ఆట చూచేటప్పుడు పది నిమిషాలు బంతిని విడిచిపెట్టండి. నడుమ నిలిచిన ఆ ఇద్దరినే చూడండి. ఒకరు ముందుకు వెళ్లినప్పుడు ఇంకొకరు ఎక్కడున్నారో గమనించండి. ఆ తరువాత ఎవరిని దింపాలి, ఎవరిని తీయాలి అని తీరికగా వాదించుకోవచ్చును. టీ చల్లారినా ఫరవాలేదు; అప్పటి వాదం రుచిగా వుంటుంది.