కల్లం ఊళ్లో... ఇల్లెక్కడ?

నిజామాబాద్‌ శ్రద్ధానంద్‌ గంజ్‌లో పసుపు అమ్ముడై తక్‌పట్టీ చేతికొచ్చిందంటే చాలు... గోదావరి ఒడ్డు పల్లెల్లో ఒక ముచ్చట తప్పనిసరిగా మొదలవుతుంది. 'ఇగ ఇల్లు కొనాలె!' అని. కొనాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 'ఏడ?' అన్నదగ్గరే.

దొంకేశ్వర్‌లో ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. నాలుగెకరాల పసుపు రైతు, ఆయన భార్య. పెద్దకొడుకు దుబాయ్‌లో. కోడలు, ఇద్దరు పిల్లలు ఇక్కడే. చిన్నకొడుకు హైదరాబాద్‌లో నెల జీతగాడు. పాత పెంకుటింట్లో ఇక గడవదు. చిన్నకొడుకు హైదరాబాద్‌ శివార్లలో ఫ్లాటు అంటాడు, 'రేపు రేటు పెరుగుతది' అని. కోడలికి పిల్లల చదువు కోసం ఆర్మూర్‌ కావాలి. దుబాయ్‌ నుంచి ఫోన్లో పెద్దోడు 'నిజామాబాద్‌ల తీసుకుందాం' అంటాడు. అందరి మాటా విని పెద్దాయన ఒక్క ప్రశ్న వేస్తాడు... 'పసుపు ఏడ ఆరబోస్తవురా, బాల్కనీలనా?'

నవ్వొస్తుంది కానీ, ఈ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న అదే. ఎందుకంటే పసుపు అన్ని పంటల్లాంటిది కాదు. జూన్‌లో విత్తనం పెడితే జనవరి దాకా భూమిలోనే ఉంటుంది. తవ్వాక పని అయిపోతుందా అంటే, అప్పుడే మొదలవుతుంది. కొమ్ము, మండ వేరు చేయాలి. ఉడకబెట్టాలి. కల్లంలో పరిచి పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి. ఆ తర్వాత డ్రమ్ములో వేసి పాలిష్‌. అప్పుడుగానీ గంజ్‌కు పోదు. ఈ మూడు నెలలూ ఇంటిల్లిపాదికీ కల్లమే ఇల్లు. నూటయాభై గజాల పట్నం ఇంట్లో ఇదంతా ఎక్కడ జరుగుతుంది?

అందుకే ఈ ప్రాంతంలో మొదటి ఇల్లు కొనేవాళ్లు రెండిళ్ల లెక్క వేసుకోవాలి. కల్లం, పనిముట్లు, పెద్దవాళ్లు ఉండే పాత ఇల్లు ఒకటి. పిల్లలు, మందులు, ఆఫీసు పనుల కోసం కొనే పట్నం ఇల్లు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతుండాలన్నదే ఊరి ఎంపిక. తెల్లారి లేచి పొలం చూసుకుని, సాయంత్రానికి పిల్లల దగ్గరికి చేరగలిగినంత ఉంటే అది ఒక కుటుంబం. పండగకు మాత్రమే కలిసేంత ఉంటే రెండు కుటుంబాలు.

ఆర్మూర్‌కున్న బలం

ఈ లెక్కన చూస్తే ఆర్మూర్‌ ముందుంటుంది. ఉత్తర దక్షిణాలుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్‌ నుంచి జగ్దల్‌పూర్‌ వైపు సాగే 63వ నంబరు రహదారి కలిసేది ఇక్కడే. ఆర్డీవో కార్యాలయం, ఏరియా ఆస్పత్రి ఉన్నాయి. నిజామాబాద్‌-పెద్దపల్లి రైలు మార్గం 2017లో పూర్తయ్యాక కరీంనగర్‌ వైపు దారీ తెరుచుకుంది. పక్కనే విత్తనాల ఊరు అంకాపూర్‌. అక్కడి దేశీ కోడి కూర కోసం హైవే దిగి వచ్చేవాళ్లున్నారు, అది వేరే సంగతి!

నిజామాబాద్‌ బలం వేరు. పసుపు అమ్మేది అక్కడే. 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పక్కనున్న డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006 నుంచీ ఉంది. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో అక్కడే కొలువుదీరింది. ఆ బోర్డు కోసం ఎంత పోరాటం జరిగిందో గుర్తుందిగా! 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌ నుంచి 185 మంది బరిలో నిలిస్తే, అందులో 170 మందికి పైగా రైతులే. అయితే బోర్డు వచ్చింది కదా అని దాని చుట్టుపక్కల ప్లాటు కొనేయడం మాత్రం తొందరపాటే. ఆఫీసు వచ్చినంత మాత్రాన మన ఇంటివాళ్లకు రోజూ అక్కడ పని ఉండదు.

డిగ్రీ చదివే పిల్లలున్నా, నెలనెలా పెద్దాస్పత్రికి తిరిగే జబ్బు ఇంట్లో ఉన్నా నిజామాబాదే మేలు. బడి పిల్లలుంటే ఆర్మూర్‌ చాలు. 2022లో దొంకేశ్వర్‌ నందిపేట నుంచి విడిపోయి సొంతంగా మండలమైంది కాబట్టి, సర్టిఫికెట్ల కోసం తిరిగే తిరుగుడు కొంత తగ్గింది. ఆ ఒక్క కారణంతో పట్నం పోవాలనుకున్నవాళ్లు మళ్లీ ఆలోచించుకోవచ్చు.

ఇక హైదరాబాద్‌. చిన్నకొడుకు అక్కడే స్థిరపడతాడంటే తన జీతంతో తను కొనుక్కోవడం న్యాయం. కానీ పసుపు డబ్బూ దుబాయ్‌ డబ్బూ కలిపి, ఇంట్లో ఎవరూ ఉండని ఫ్లాటు కొని అద్దెకిస్తే... కోడలు పాత పెంకుటింట్లోనే ఉండిపోతుంది. పిల్లలు బడి బస్సులోనే ఊగుతారు. కాగితం మీద ఆస్తి పెరుగుతుంది, ఇల్లు మాత్రం రాదు.

నెల కిస్తీ... ఏడాది పంట

ఊరి ఎంపికను చివరికి తేల్చేది డబ్బే. ముప్ఫై లక్షల ఇల్లు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ స్థాయి దాకా ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతమే అప్పుగా ఇస్తారు. అంటే మూడు లక్షలు మన చేతివి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్‌ ఖర్చులు కలిపి 7.5 శాతం... మరో రెండు లక్షల పాతిక వేలు. తాళం చేతికి రాకముందే ఐదుంపావు లక్షలు కావాలన్నమాట. మిగిలిన 27 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు రూ.23,400 కిస్తీ.

చిక్కు ఇక్కడే ఉంది. కిస్తీ నెలనెలా అడుగుతుంది. పసుపు ఏడాదికోసారి పలుకుతుంది. పలికినా ఎంతకన్నది దేవుడికెరుక! 2010లో క్వింటాలు పదిహేను వేలు దాటిన పసుపు, 2012 నాటికి నాలుగు వేల దగ్గరికి జారింది. మంచి ఏడాది ధర చూసి కిస్తీ ఒప్పుకున్నవాడి గతి ఏమిటి? చేతిలో ఉన్న పంట డబ్బును ముందు కట్టే మొత్తానికి వాడుకోవచ్చు. నెల కిస్తీని మాత్రం నెలనెలా వచ్చే ఆదాయం మీదే... అంటే జీతం మీదో, దుబాయ్‌ నుంచి వచ్చే డబ్బు మీదో వేసుకోవాలి. దుబాయ్‌ ఉద్యోగమూ కంపెనీ చల్లగా చూసినన్నాళ్లే కాబట్టి, కనీసం ఆరు కిస్తీలు పక్కన పెట్టుకోకుండా సంతకం చేయొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి ముందు మొత్తం కట్టేవాళ్లున్నారు. అది ఏడాదికి 24 శాతం. ఆ పద్ధతిలో కొనే కంటే మరో పంట ఆగడం నయం.

కాగితాల సంగతీ ఊరిని బట్టే ఉంటుంది. పల్లెలో గ్రామకంఠం ఇళ్లకు చాలాసార్లు ఇంటి పన్ను రశీదు తప్ప మరో కాగితం ఉండదు. బ్యాంకు గృహరుణం అంటే వెనకాడుతుంది. పట్నం శివార్లలో భయం వేరు. పొలాన్ని ముక్కలు చేసి రాళ్లు పాతిన వెంచర్లు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020 ఆగస్టులో ఆపేసింది. అప్పటికే ఒకసారి రిజిస్టర్‌ అయిన ప్లాట్లకు తర్వాత సడలింపు ఇచ్చింది. కాబట్టి లేఅవుట్‌ అనుమతి, ఈసీ చూడకుండా బయానా ఇవ్వొద్దు. శ్రీరామసాగర్‌ వెనకనీళ్ల వైపు చవగ్గా చూపించే జాగాలతో మరీ జాగ్రత్త. ఎండాకాలంలో నేల తేలి, పచ్చగా పంట కూడా కనిపిస్తుంది. జలాశయం నిండితే నీటిమట్టం 1,091 అడుగులు. అప్పుడు ఆ జాగా ఎక్కడుంటుందో ఊళ్లో పెద్దలెవరైనా చెబుతారు.

ఇంతకీ ఏ ఊరో తేల్చుకోలేకపోతున్నారా? ఓ నెల రోజులు ఒక పని చేయండి. పిల్లల నోటుబుక్కులో ఓ పేజీ తీసుకుని, ఇంట్లో ఎవరు ఏ రోజు ఏ ఊరికి ఎందుకు వెళ్లారో రాయండి. బడి, మందులు, బ్యాంకు, ఎరువుల దుకాణం, పెళ్లిళ్లు, చావులు... అన్నీ. నెలాఖరుకు ఏ ఊరి పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. తర్వాత ఆ ఊళ్లో ఓ ఏడాది అద్దెకు దిగండి. మే నెలలో ఆ వీధిలో బోరు ఎన్ని గంటలు పోస్తుందో, వానాకాలంలో మోరీ నీళ్లు ఎటు పోతాయో ఏ బ్రోకరూ చెప్పడు. ఏడాది అద్దె దండగ అనుకుంటారు గానీ, ఇందాకటి రిజిస్ట్రేషన్‌ ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే.

ఇల్లు ఎవరి పేరిట అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి. రోజూ ఆ ఇంట్లో ఉండేది, కరెంటు బిల్లు కట్టేది, బోరు మెకానిక్‌ను పిలిచేది కోడలు. ఆమె పేరు కాగితంలో ఉంటే దుబాయ్‌ నుంచి ప్రతి సంతకానికీ ఎదురుచూడక్కర్లేదు. పెద్దకొడుకు పేరిటే కావాలంటే అతను అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ ధ్రువీకరించి పంపాలి. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కొరియర్‌ కవరును బీరువాలో పెట్టి పసుపు తవ్వకాల్లో పడ్డారంటే ఆ గడువు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.