కొత్త మేతను పొట్టకు అలవాటు చేయాలి

వానలు మొహం చాటేసి వాడిపోయిన జొన్నచేను ఒక్క జల్లు పడగానే మొదళ్ల దగ్గర లేత పిలకలు వేస్తుంది. ప్రకాశం, కర్నూలు జిల్లాల మెట్ట పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసిన నాకు ఆ పచ్చదనం చూస్తే ఇప్పటికీ భయమే. రైతులు దాన్ని నాము అంటారు. ఆకలి మీదున్న గేదె ఆ పిలకలు మేసిందంటే కాసేపటికే రొప్పుతుంది, తూలుతుంది, కూలబడుతుంది. వెంటనే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కించగలిగితే బతుకుతుంది. ఆలస్యమైతే ఆ ఇంటికి పాడి లేనట్టే.

లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగితే మొక్కలోని ఎంజైమే దాన్ని విడగొట్టి సైనైడ్‌ను పుట్టిస్తుంది. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులూ అదే పని చేస్తాయి కాబట్టి వాటికి ముప్పు ఇంకా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా, సైనైడ్ దాన్ని కణాలు వాడుకోనివ్వదు. ఇదే జొన్నను పూత వచ్చాక కోసి, బాగా ఆరబెట్టి వేస్తే దానంత మంచి చొప్ప లేదు.

పురుగుల నుంచి, పశువుల నుంచి తమను కాచుకోవడానికి మొక్కలు ఇలాంటి పదార్థాలు ఎన్నో తయారుచేసుకుంటాయి. వాటిలో కొన్ని, తగు మోతాదులో అందితే, పశువుకే మేలు చేస్తాయి.

వగరు చేసే మేలు

తుమ్మకాయ, రేగు ఆకు నమిలితే నోరు పట్టేసే వగరు టానిన్లది. తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క వాడింది కూడా వీటి కోసమే. టానిన్లు మాంసకృత్తులను గట్టిగా పట్టుకుంటాయి. ఆవుకు వేరుశనగ చెక్క పెడితే అందులోని మాంసకృత్తుల్లో చాలా భాగాన్ని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చేస్తాయి. మేతలో కాస్త వగరు ఉంటే ఆ నష్టం తగ్గుతుంది. పెద్ద పొట్టలో టానిన్ల పట్టు నిలుస్తుంది, ఆమ్లం ఊరే నాలుగో అరకు చేరగానే సడలుతుంది. అక్కడి నుంచి మాంసకృత్తులు పేగుల్లో ఒంటికి పడతాయి. లేత పప్పుజాతి మేతతో వచ్చే పొట్ట ఉబ్బరమూ తగ్గుతుంది. గొర్రెలు, మేకల రక్తం పీల్చే పొట్ట పురుగుల ఉధృతిని కూడా వగరు మేత కొంత అణచగలదు.

అయితే మోతాదు దాటకూడదు. ఎండు మేత లెక్కన టానిన్లు 2 నుంచి 4 శాతం ఉంటే మేలు. 5 శాతం దాటేకొద్దీ పశువు మేత తగ్గిస్తుంది, తిన్నది కూడా సరిగా అరగదు. మా ప్రాంతపు కాపరులకు ఈ అంకెలు తెలియవు కానీ మందను ఒకే చెట్టు దగ్గర నిలపరు. దోటితో నాలుగు తుమ్మకాయలు రాల్చి, ముందున్న రేగుపొదలకు, అక్కడి నుంచి దిరిసెన నీడకు తోలుకుపోతారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది.

హవాయి మేకలు చూపిన దారి

సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు పుష్కలం. కానీ అందులో మిమోసిన్ కూడా ఉంది. అలవాటు లేని పశువుకు అదే పనిగా పెడితే వెంట్రుకలు ఊడతాయి, చొంగ కారుతుంది, థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. ఆస్ట్రేలియా పశువులు ఇలా బాధపడుతుంటే, హవాయిలో మేకలు అదే ఆకు మేసి నిక్షేపంగా ఉండటం రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త కంటపడింది. ఆ మేకల పొట్టలో మిమోసిన్ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఉంది. 1980ల ఆరంభంలో పొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియాకు తెచ్చి అక్కడి పశువులకు ఎక్కిస్తే వాటికీ ఆ శక్తి వచ్చింది. 1992లో ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు కలిపి సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఒక ఆకు పశువుకు పడుతుందా లేదా అన్నది పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవుల మీద కూడా ఆధారపడుతుందని ఆ మేకలే చూపించాయి.

తేన్పులో పోయే బలం

పశువు తిన్న మేతలోని శక్తిలో కొంత మీథేన్‌గా మారి తేన్పుల్లో పోతుంది. అది రైతుకు నష్టం, భూమికి వేడి. 2019 గణన ప్రకారం మన దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లు దాటాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లు ఉన్న మొక్కలతో 'హరిత్ ధార' అనే దాణా మిశ్రమాన్ని రూపొందించింది. దాంతో మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ చెబుతోంది. కుంకుడుకాయకు నురగనిచ్చే సాపొనిన్లు కూడా పొట్టలోని ప్రోటోజోవాలను తగ్గించి, మీథేన్‌ను కొంత అదుపు చేయగలవు. అలాగని కుంకుళ్లు దంచి గేదెకు పోయకండి. మోతాదు తేల్చకుండా చేసే వైద్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

రైతులను నేను అడిగేది ఒక్కటే. కొత్త మేత ఏదైనా గుప్పెడుతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. సుబాబుల్ రొట్టను మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. నాము ఉన్న చేలోకి పశువును వదలకండి. ఎప్పుడైనా పశువు తూలితే డాక్టరుకు ఫోన్ చేసిన వెంటనే అది ఏ చేలో, ఏం మేసిందో చెప్పండి. ఏ మందు ఎక్కించాలో ఆ ఒక్క మాటతో మాకు తెలిసిపోతుంది.