పొదుగుకు కూర్చున్న కోడి

హోసూరు దగ్గరి పల్లెలో ఒక జేజి, ఆమె మనవరాలు ఉన్నారనుకోండి. వాళ్ళ ఇంట్లో నాలుగు నాటుకోళ్ళున్నాయి. పుంజును పండుగకు ముందే అమ్మేశారు. ఎర్రకోడి వరుసగా పదమూడు గుడ్లు పెట్టింది. జేజి వాటిని ఏరోజు కారోజు తీసి, కొన్ని సంతలో అమ్మింది, కొన్ని ఇంట్లో వండింది. ఒకనాడు ఎర్రకోడి ఖాళీ గంపలో కూర్చుని ఇక లేవలేదు. మనవరాలు చెయ్యి చాపితే ఈకలు విప్పి, గుర్రుమంటూ పొడిచింది.

"జేజీ, కోడికి జబ్బు చేసిందా?"

"జబ్బు కాదమ్మా, పొదుగుకు కూర్చుంది. నీళ్ళతొట్టిలో నాలుగుసార్లు ముంచితే అదే లేస్తుంది."

మనవరాలికి మనసొప్పలేదు. "ముంచకుండా లేపే ఉపాయం లేదా?" అని అడిగింది.

ఉంది. అయితే కోడి ఎందుకు కూర్చుంటుందో తెలిస్తేనే ఆ ఉపాయం బోధపడుతుంది.

ఇటువంటి కోడిని తమిళంలో 'అడైక్కోళి' అంటారు. కన్నడంలో కోడి 'కావు'కు కూర్చుంది అంటారు. కావు అంటే వేడి. అసలు రహస్యం ఆ మాటలోనే ఉంది. గుడ్డు పిల్ల కావాలంటే 21 రోజులు ఎడతెగని వెచ్చదనం కావాలి. ఆ వెచ్చదనాన్ని తల్లికోడి తన రొమ్ముతో ఇస్తుంది. అందుకోసం అక్కడి ఈకలు రాలిపోయి చర్మం బయటపడుతుంది.

కోడిని కూర్చోబెట్టేది ప్రోలాక్టిన్ అనే హార్మోను. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుండి ఇది పుడుతుంది. ఆవుకు పాలు తయారు కావడానికి తోడ్పడేది కూడా ఇదే. చీకటిగా, మెత్తగా ఉన్న గూడు, రొమ్ముకు తగిలే గుడ్లు, కింద నిలిచిన వెచ్చదనం, ఇవన్నీ ఈ హార్మోనును పెంచుతాయి. అది పెరిగినకొద్దీ అండాశయం కుంచించుకుపోతుంది, గుడ్లు ఆగిపోతాయి. గుడ్లను తీసేసినా గూడు, వెచ్చదనం మిగిలే ఉంటాయి కనుక కొన్ని కోళ్ళు ఖాళీ గంపలోనైనా కూర్చుంటాయి.

కూర్చుంటే నష్టమేమిటి? పొదిగే కోడి రోజుకు ఒకసారి మాత్రమే లేచి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి మళ్ళీ గూడు చేరుతుంది. ఒళ్ళు తగ్గుతుంది, జుట్టు పాలిపోతుంది, పేలు పడతాయి. పిల్లలు పుడితే వాటి కిచకిచలు విని తల్లి లేస్తుంది. పుంజుతో కలవని కోడి పెట్టిన గుడ్డు ఎన్నాళ్ళు పొదిగినా పిల్ల కాదు. ఖాళీ గంప సంగతి చెప్పనే అక్కరలేదు. 21 రోజులు నిండాయని కోడి లెక్కపెట్టుకోలేదు గదా! అందువల్ల వారాల తరబడి అలాగే కూర్చుని చిక్కిపోతుంది.

కాబట్టి చేయవలసింది కోడిని శిక్షించడం కాదు, దానిని కూర్చోబెట్టిన కారణాలను తొలగించడం.

మొదట గంపను తీసేయాలి. తర్వాత అడుగున వెదురుబద్దలు గాని, ఇనుప జాలీ గాని ఉన్న పంజరం సిద్ధం చేయాలి. బద్దల మధ్య గాలి ఆడాలి, కాని కోడి కాలు ఇరుక్కోకూడదు. పంజరాన్ని ఇటుకల మీద నేలకు అడుగెత్తున నిలపాలి. గడ్డి, గోనె పరచకూడదు. వెలుతురు, గాలి తగిలే నీడపట్టున ఉంచాలి. రాగులు, నూకలు, మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కింది నుంచి గాలి తగిలి రొమ్ము చల్లబడుతుంది. కూర్చోవడానికి మెత్తని చోటు దొరకదు. హార్మోను క్రమంగా తగ్గుతుంది.

మూడు నాలుగు రోజుల తర్వాత విడిచి చూడాలి. మిగిలిన కోళ్ళతో కలిసి మేస్తే పని అయినట్టే. మళ్ళీ గూటికి పరుగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచాలి. పొదుగుకు వచ్చిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఈ పని మొదలుపెడితే త్వరగా దారికి వస్తుంది. ఆ తర్వాత గుడ్డు పెట్టడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. అండాశయం మళ్ళీ ఎదగాలి గదా!

నీళ్ళలో ముంచితే కోడి తడిసి బెదురుతుంది. కొందరు ముక్కురంధ్రాల్లో ఈక గుచ్చుతారు. దానివల్ల పుండు పడుతుంది. తిండి మాన్పిస్తే గుడ్లు ఇంకా ఆలస్యమవుతాయి.

అయితే పొదగడాన్ని ఎప్పుడూ ఆపవలసిందే అనుకోకూడదు. ఫారాల్లోని తెల్లకోళ్ళు ఏడాదికి 300 గుడ్ల దాకా పెడతాయి. తరతరాలుగా పొదగని కోళ్ళనే ఎంచి పెంచడంతో వాటిలో ఆ గుణం దాదాపు పోయింది. వాటి పిల్లలను యంత్రాలలో పొదిగించవలసి వస్తుంది. మన నాటుకోడి పెట్టే గుడ్లు తక్కువే. కాని యంత్రం లేకుండానే పిల్లలను లేపి, గద్ద నీడ పడగానే రెక్కల కింద దాచుకుంటుంది. ఇంట్లో పుంజు ఉండి, పిల్లలు కావాలనుకుంటే పది పన్నెండు గుడ్లు పెట్టి దానిని హాయిగా కూర్చోనివ్వాలి.

జేజి మనవరాలి మాట విన్నది. నాలుగో రోజున పంజరం తలుపు తీశారు. ఎర్రకోడి గూటివైపు చూడకుండా నేరుగా బూడిదకుప్ప దగ్గరికి వెళ్ళి ఒళ్ళు దులుపుకుంది. మూడు వారాలు గడిచాక ఒక ఉదయం గంపలో వెచ్చని గుడ్డు కనిపించింది. జేజి దానిని మనవరాలి చేతిలోనే పెట్టింది.